లేఓవర్ ఎక్కువుందని టికెట్ వదులుకోకండి

పోయిన నెల మన గ్రూపులో ఒక చెల్లి అడిగింది, గుర్తుందా? హైదరాబాదు నుంచి లండన్‌కి రెండు టికెట్లు చూసిందట. ఒకదానికి మధ్యలో రెండు గంటల గ్యాప్, ఇంకోదానికి పదకొండు గంటలు. రెండోది మనిషికి డెబ్బై పౌండ్లు తక్కువ. "ఏది తీసుకోను అక్కా?" అని పెట్టింది. అరగంటలో ఇరవై జవాబులు వచ్చాయి. అందరిదీ ఒకటే మాట: "వద్దమ్మా, డెబ్బై పౌండ్ల కోసం ఆ నరకం ఎందుకు?" నేను డ్యూటీలో ఉన్నాను. రాత్రి ఇంటికొచ్చి ఫోను చూసేసరికి ఆ చెల్లి రెండు గంటల టికెట్ కొనేసింది కూడా. అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు చెప్తున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నా మాట ఏమిటంటే, ఆ పదకొండు గంటల టికెట్టే మంచిది. ఎయిర్‌పోర్టులో కుర్చీకి అతుక్కుపోయి కూర్చుంటే అది నరకమే, కాదనను. బయటికి వెళ్తే మాత్రం వేరే సంగతి. మనం బయటికి వెళ్ళకపోవడానికి వీసా, డబ్బు, భయం అని ఏవేవో చెప్పుకుంటాం కానీ, అసలు కారణం వేరే ఉందని నా అనుమానం. పని లేకుండా, ఎవరికీ ఉపయోగపడకుండా ఒక పూట గడపడం మనకి చేతకాదు. వార్డులో పన్నెండున్నర గంటల షిఫ్ట్ నిలబడి చేసేవాళ్ళం, ఊరికే తిరగడానికి పదకొండు గంటలు దొరికితే మాత్రం హడలిపోతాం.

ఈ జనవరిలో అమ్మను ఇక్కడికి తీసుకొస్తూ నేను కావాలనే పదకొండు గంటల గ్యాప్ ఉన్న టికెట్ కొన్నాను, బహ్రెయిన్ మీదుగా. మావారు ఒకటికి రెండుసార్లు అడిగారు, చూసే కొన్నావా అని. మా అన్నయ్య అయితే ఫోన్లో కేకలేశాడు. "అరవై ఏడేళ్ళ మనిషిని, మోకాళ్ళ నొప్పులున్న మనిషిని, ఎడారి దేశంలో తిప్పుతావా?" అన్నాడు. అమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. "నీతోనే కదే" అంది.

బహ్రెయిన్‌నే ఎందుకు ఎంచుకున్నానంటే, అక్కడ ఎయిర్‌పోర్టు ఊరికి దూరంగా లేదు. ముహర్రక్ అనే చిన్న దీవి మీద ఉంది, అదే దీవిలో ముహర్రక్ అనే పాత ఊరు కూడా ఉంది. టాక్సీ ఎక్కితే కొద్ది నిమిషాల్లో పాత సందుల్లో దిగుతాం. 1932 వరకు ఆ దేశానికి రాజధాని అదే. తర్వాతే వంతెనకి అవతల ఉన్న మనామాకి మారింది. పెద్ద నగరాల్లో లేఓవర్ అయితే ట్రాఫిక్‌లోనే సగం రోజు పోతుంది, ఎత్తైన బిల్డింగులు చూసి వెనక్కి వస్తాం. చిన్న ఊరైతే నాలుగు గంటల్లో మనకి పరిచయమైపోతుంది. ఇది నా అభిప్రాయమే, మీకు షాపింగ్ మాల్స్ ఇష్టమైతే మీ ఇష్టం.

అమ్మకి ఈ-వీసా ముందే ఆన్‌లైన్లో తీసుకున్నాను. నాది బ్రిటిష్ పాస్‌పోర్టు, నాకు దిగాక అక్కడే ఇచ్చారు. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి మీరు వెళ్ళే ముందు మీ పాస్‌పోర్టుకి ఏది వర్తిస్తుందో ఆ దేశం ఈ-వీసా సైట్లోనే చూసుకోండి, గ్రూపులో అడగకండి. గ్రూపులో ఎప్పుడూ ఎవరో ఒకరు మూడేళ్ళ కిందటి సంగతి చెప్తారు. పెద్ద సూట్‌కేసులు ఎలాగూ లండన్ వరకు నేరుగా వెళ్ళిపోతాయి. చేతిలో ఒక్క సంచి ఉంటే చాలు. అందులో అమ్మ బీపీ, షుగర్ మాత్రలు, ఒక శాలువా, నీళ్ళ సీసా పెట్టుకున్నాం.

మాత్రల గురించి నర్సుగా ఒక్క మాట. పడమటికి ప్రయాణం చేస్తే రోజు పొడుగవుతుంది. బహ్రెయిన్ మన దేశం కంటే రెండున్నర గంటలు వెనక, చలికాలంలో లండన్ బహ్రెయిన్ కంటే ఇంకో మూడు గంటలు వెనక. గోడ గడియారం చూసి "రాత్రయింది కదా" అని మాత్ర వేసుకుంటే లెక్క తప్పుతుంది. ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు బయల్దేరే ముందే డాక్టర్‌ని అడిగి టైములు కాగితం మీద రాయించుకోండి. ఇంకోటి, నాలుగున్నర గంటలు ఒక విమానంలో, దాదాపు ఏడు గంటలు ఇంకోదాంట్లో కూర్చుని, మధ్యలో మళ్ళీ పదకొండు గంటలు కుర్చీలోనే కూర్చుంటే కాళ్ళు వాస్తాయి. పెద్దవాళ్ళకి కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంటుంది. మెల్లగా నడవడమే మందు. మా అన్నయ్యకి ఇదే చెప్పాను, కాస్త చల్లబడ్డాడు.

పొద్దున్నే దిగాం. వీల్‌చెయిర్ తోసిన అబ్బాయి మలయాళీ. బయట టాక్సీ దాకా తీసుకొచ్చి "అమ్మచ్చీ, జాగ్రత్త" అన్నాడు. అమ్మకి మలయాళం రాదు కానీ అర్థమైంది, తల నిమిరింది.

ముందు టిఫిన్. సందులో ఒక చిన్న హోటల్లో బలాలీత్ అనేది పెట్టారు. చూస్తే మన సేమ్యా. కుంకుమపువ్వు, యాలకులు, చక్కెర వేసి చేసిన సేమ్యా. అమ్మ సంబరపడి చెంచా పెట్టబోతే దాని మీద పరిచిన పల్చటి పసుప్పచ్చటి దుప్పటి కనిపించింది. ఆమ్లెట్! తీపి సేమ్యా మీద ఆమ్లెట్. అమ్మ ముఖం చూడాలి ఆ క్షణంలో. పక్కకి తీసి సేమ్యా మాత్రం తింది. ఆమ్లెట్ నేను తిన్నాను. చెప్తే నమ్మరు గానీ బాగానే ఉంది. తర్వాత గాజు గ్లాసుల్లో చిక్కటి కరక్ టీ. "ఇది మన టీయే కదే" అంది. మన టీయే. మనవాళ్ళే తీసుకెళ్ళి ఉంటారు.

ముహర్రక్ ఒకప్పుడు ముత్యాల ఊరు. గల్ఫ్ అంటే మనకి పెట్రోలే గుర్తొస్తుంది. బహ్రెయిన్‌లో నూనె బయటపడింది 1932లో. అంతకుముందు ఎన్నో వందల ఏళ్ళు వాళ్ళ బతుకంతా ముత్యాల మీదే. ఎండాకాలం నాలుగు నెలలు మగవాళ్ళంతా పడవల్లో సముద్రం మీదకి వెళ్ళిపోయేవారు. ముక్కుకి క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని, తాడు పట్టుకుని అడుక్కి దిగి, ఊపిరి బిగబట్టి ఆల్చిప్పలు ఏరుకొచ్చేవారు. రోజుకి ఎన్నోసార్లు. పైన తాడు పట్టుకున్నవాడు లాగితేనే పైకి రావడం. తర్వాత జపాన్ వాళ్ళు ముత్యాలను సాగు చేయడం మొదలుపెట్టారు. అదే కాలంలో ప్రపంచమంతా మాంద్యం కూడా వచ్చింది. ముత్యాల ధర పడిపోయింది, ఊరి బతుకు మారిపోయింది. ఆ పాత ఇళ్ళు, సముద్రంలో ముత్యాల దిబ్బలు, ఒడ్డున చిన్న కోట అన్నీ కలిపి 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఇళ్ళను కలుపుతూ మూడున్నర కిలోమీటర్ల నడకదారి ఉంది. దారి పొడుగునా ముత్యాల్లా గుండ్రటి తెల్లటి దీపాలు. మేము మూడున్నర కిలోమీటర్లూ నడవలేదు. ఒక కిలోమీటరు నడిచి ఉంటాం, మధ్యలో అరుగు కనిపించిన చోటల్లా కూర్చున్నాం. జనవరి కాబట్టి గాలి చల్లగా ఉంది, అమ్మ శాలువా కప్పుకుంది. ఇదే జూలై అయితే ఈ సలహా నేను ఇవ్వను. నలభై డిగ్రీల ఎండలో, ఆ ఉక్కలో, ఎయిర్‌పోర్టు ఏసీయే స్వర్గం.

షేక్ ఈసా బిన్ అలీ అనే పాత పాలకుడి ఇల్లు చూశాం. ఇంటి మీద గాలి గోపురం ఉంది. నాలుగు వైపుల నుంచీ గాలిని పట్టి కింది గదిలోకి దింపుతుంది. అమ్మ దాని కిందే పది నిమిషాలు నిలబడింది. ఏలూరులో మా పాత ఇంటి మండువా గుర్తొచ్చిందట. మండువాలో వాన పడేది, ఇక్కడ గాలి పడుతోంది, అంతే తేడా అంది.

ఇంకో చోట అద్దాల వెనక ముత్యాల వ్యాపారుల సామాను పెట్టారు. చిన్న త్రాసులు, ఎర్ర గుడ్డ, ఒకదాంట్లో ఒకటి ఇమిడే ఇత్తడి జల్లెడలు. ఒక్కో జల్లెడకి ఒక్కో సైజు చిల్లులు, ముత్యాలను సైజుల వారీగా వేరు చేయడానికి. నేను ఫొటోలు తీసుకుంటూ ఉంటే అమ్మ అలా చూస్తూ నిలబడిపోయింది. కాసేపటికి, "మా అమ్మకి బస్రా ముత్యాల దుద్దులు ఉండేవి" అంది.

మనకి బస్రా ముత్యాలు అంటే తెలుసు కదా. ఈ గల్ఫ్ సముద్రంలో దొరికిన ముత్యాలకే మనవాళ్ళు పెట్టుకున్న పేరు అది. ఇక్కడి సరుకు బొంబాయి చేరేది, అక్కడి నుంచి హైదరాబాదు దాకా వచ్చేది. నిజాము కాలం నుంచీ హైదరాబాదుకి ముత్యాల నగరం అని పేరు వచ్చింది అందుకే. మనకి దగ్గర్లో ముత్యాలు పండే సముద్రం లేదు కదా, మన ఊరికి ఆ పేరెలా వచ్చిందని నేనెప్పుడూ ఆలోచించలేదు. అక్కడ నిలబడ్డాకే అర్థమైంది. ఇప్పుడు పత్తర్‌గట్టీలో మనం కొనేవి ఎక్కువ చైనా సాగు ముత్యాలే అనుకోండి.

అమ్మమ్మ దుద్దులు అమ్మకి వచ్చాయట. నేనెప్పుడూ చూడలేదు. "ఏవి మరి?" అన్నాను. "నీ నర్సింగు రెండో ఏడాది ఫీజు" అంది. అంతే. తల కూడా తిప్పలేదు, జల్లెడ వైపే చూస్తోంది. ముందు తాకట్టు పెట్టారు. విడిపించలేక తర్వాత అమ్మేశారు. మా నాన్నకి కూడా చాలా రోజుల తర్వాత చెప్పిందట.

నేను నర్సింగు చదివి పంతొమ్మిదేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఎప్పుడు చెప్పాలే? నువ్వు వచ్చినప్పుడల్లా ఇంటి నిండా జనం, నేను పొయ్యి దగ్గర. నేను మీ ఇంటికొచ్చినప్పుడు నువ్వు డ్యూటీ, నాకు పిల్లలు" అంది.

లెక్కేసుకున్నాను. నేను ఇంగ్లండ్ వచ్చి పన్నెండేళ్ళు. ఇండియా ఎనిమిదిసార్లు వెళ్ళాను, అమ్మ ఇక్కడికి మూడుసార్లు వచ్చింది. ఇన్ని రాకపోకల్లో నేనూ అమ్మా ఇద్దరమే, మధ్యలో వంటిల్లు లేకుండా, పిల్లలు లేకుండా, చుట్టాలు లేకుండా ఒక పూట గడిపింది ఇదే మొదటిసారి. అది కూడా మా ఇద్దరికీ ఎవరూ తెలియని ఊళ్ళో. మీ లెక్క కూడా ఒకసారి వేసుకోండి. అమ్మలని, అత్తగార్లని మనం ఇక్కడికి రప్పించుకునేది ఎందుకో మనందరికీ తెలుసు. పురుడుకో, పిల్లల్ని చూసుకోవడానికో, మనం నైట్‌ డ్యూటీలు చేసుకోవడానికో. విమానం దిగిన మర్నాడే వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో చూపిస్తాం. నేనూ అలాగే చేశాను, తప్పు పట్టడం లేదు. కానీ దారిలో ఒక రోజు, డబ్బాలు చూపించడానికి ముందు ఒక్క రోజు, ఆవిడకి ఇవ్వచ్చు కదా.

సందు చివర ముత్యాల కోసం మునిగే కుటుంబం ఒకటి ఉన్న ఇల్లు ఉంది. వ్యాపారుల ఇళ్ళ పక్కన చాలా చిన్నది. ఆ మునిగేవాళ్ళు పడవ యజమాని దగ్గర సీజను ముందే అడ్వాన్సు తీసుకునేవారు. ముత్యాలు దొరక్కపోతే అప్పు అలాగే ఉండేది. తండ్రి చచ్చిపోతే అప్పు తీర్చడానికి కొడుకు మునగాల్సి వచ్చేది. 1920లలో ఆ పద్ధతిని మార్చే సంస్కరణలు తెచ్చారు. ఇది చదివి అమ్మకి చెప్తే, "మన రాజోలు వైపు ఏజెంట్ల సంగతి లాగే ఉందే" అంది.

మధ్యాహ్నం టాక్సీలో వంతెన దాటి మనామా వెళ్ళాం. బాబ్ అల్ బహ్రెయిన్ అనే పెద్ద ద్వారం వెనక బజారు, ఆ బజారు సందుల్లో శ్రీనాథ్‌జీ గుడి. సింధులోని థట్టా నుంచి వర్తకానికి వచ్చిన హిందువులు రెండు వందల ఏళ్ళ కిందట కట్టుకున్నది. మేం వెళ్ళేసరికి తెర వేసి ఉంది. తీసేదాకా కూర్చున్నాం. అమ్మ కాళ్ళకి అది మంచి విశ్రాంతి, ఆవిడ మనసుకి ఎంత తృప్తో చెప్పక్కర్లేదు.

గుడి బయట పూల కొట్టు దగ్గర మేము మాట్లాడుకుంటుంటే ఒకామె ఆగి, "తెలుగోళ్ళా అండీ?" అంది. పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఒక ఇంట్లో వంట పని, ఆరేళ్ళ నుంచి. మేడం కారులో ఉందట, ఐదు నిమిషాలే టైము. పసుపు, కుంకుమ కొనుక్కుంటోంది. అమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. మేం పొద్దున్న చూసిన ముత్యాల ఇళ్ళ గురించి చెప్తే, "అట్టాంటియ్యి ఉన్నాయా ఇక్కడ?" అంది. ఆరేళ్ళుగా అదే దేశంలో ఉంది. మేము ఆరు గంటల్లో చూసింది ఆమె ఆరేళ్ళలో చూడలేదు.

ఇది రాయకపోతే నేను చెప్పేదంతా డబ్బున్నోళ్ళ షోకులా ఉంటుంది. ఎయిర్‌పోర్టులో లేఓవర్ అందరికీ ఒకటి కాదు. చేతిలో ఉన్న పాస్‌పోర్టు, బ్యాంకు కార్డు బట్టి ఉంటుంది. గల్ఫ్ వెళ్ళే విమానాల్లో మీరు చూసే ఉంటారు, కడప నుంచి, కోనసీమ నుంచి మొదటిసారి వెళ్ళే ఆడవాళ్ళు. పది మంది ఒక గుంపుగా, కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో, ఎక్కడ మారాలో తెలియక బోర్డు వంక చూస్తూ కూర్చుంటారు. వాళ్ళకి బయటికి వెళ్ళమని చెప్పలేం. కానీ "మీ గేటు ఇదండీ" అని చెప్పచ్చు. ఎయిర్‌పోర్టు వైఫై పెట్టి ఇంటికి ఒక ఫోన్ కలిపి ఇవ్వచ్చు. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం కాగితాలు ఫొటో తీసి ఇంట్లో వాళ్ళకి పంపుకోమని చెప్పచ్చు. ఇది చాలా ముఖ్యం, రేపు ఏదైనా కష్టం వస్తే ఎంబసీ వాళ్ళు ముందు అడిగేవి అవే. పాలకొల్లు ఆమె నంబరు అమ్మ రాసుకుంది. ఇప్పటికి రెండుసార్లు మాట్లాడుకున్నారు.

అన్ని లేఓవర్లలోనూ బయటికి వెళ్ళండి అని నేను అనను. ఆరు గంటల కంటే తక్కువుంటే వద్దు. రెండు విమానాలకీ విడివిడిగా టికెట్లు కొనుక్కుంటే వద్దు, ఒకటి ఆలస్యమైతే రెండోవాళ్ళు బాధ్యత తీసుకోరు. అర్ధరాత్రి దిగితే, కొత్త ఊరైతే, ఒక్కరే ఉంటే నేనైతే వెళ్ళను. చంటిపిల్లలుంటే మీకు తెలియంది కాదు. రంజాన్ నెలలో గల్ఫ్‌లో పగటిపూట బహిరంగంగా తినడం తాగడం కుదరదు, షుగర్ ఉన్న పెద్దవాళ్ళతో అది కష్టం. ఇంకోటి కూడా ఉంది. నాలుగేళ్ళ కిందట నాన్న పోయారని తెలిసి వెళ్తున్నప్పుడు నాకు వేరే ఊళ్ళో తొమ్మిది గంటల గ్యాప్ పడింది. ఛార్జింగ్ ప్లగ్గు పక్కన కింద కూర్చుని ఫోను చూస్తూ ఉండిపోయాను. ఆ రోజు బయట ఇంద్రభవనం ఉందన్నా లేచేదాన్ని కాదు.

ఇక డబ్బు. మన అసలు సందేహం ఇదే కదా. రెండు టికెట్ల మీద మాకు నూట నలభై పౌండ్లు మిగిలాయి. బహ్రెయిన్ దీనారు దాదాపు రెండు పౌండ్లు ఉంటుంది, చిన్న నోటే పెద్ద డబ్బు, జాగ్రత్త. టాక్సీలు, వీసాలు, తిండి, గుడిలో వేసింది, హల్వా అన్నీ కలిపి ఎనభై పౌండ్లు దాటలేదు. హల్వా సంగతి చెప్పలేదు కదూ. ముహర్రక్‌లో షువైతర్ వాళ్ళ హల్వా చాలా పాతకాలం నుంచీ పేరున్నది. కుంకుమపువ్వు, జీడిపప్పు, యాలకులు వేసి జిగురుగా ఉంటుంది. అమ్మ రుచి చూసి, "మాడుగుల హల్వా ముందు ఇదెంత" అని, రెండు డబ్బాలు కొనిపించింది.

విమానం టైముకి మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టుకి వచ్చేశాం. అమ్మకి కాళ్ళు నొప్పులే, అబద్ధం చెప్పను. పారాసిటమాల్ వేశాను, నూనె లేదు కాబట్టి మామూలు క్రీముతోనే పిక్కలు పట్టాను. చుట్టూ జనం చూస్తున్నారు. "వద్దే, బాగోదు" అంటూనే కాళ్ళు చాపింది. విమానం ఎక్కాక సీటు బెల్టు పెట్టుకుంటూ, "తిరుగు టికెట్టుకి కూడా ఇంతే గ్యాప్ ఉందా?" అని అడిగింది.

లేదు. తిరుగు ప్రయాణానికి రెండు గంటలే. అది కొన్నప్పుడు నాకూ బుద్ధి లేదు. మార్చడానికి ఎంత కట్టాలో కనుక్కుంటున్నాను.